ఎక్కువసేపు చూస్తే నచ్చుతుందా, నచ్చింది కాబట్టే ఎక్కువసేపు చూస్తామా?

వేసవిమల్లె:

రెండూ నచ్చినప్పుడు చివరికి ఒకదాన్ని ఎలా ఎంచుకుంటాం? మా చెల్లి పెళ్లి బట్టల దగ్గర మొదలైన ప్రశ్న ఇది, కానీ ఆలోచించేకొద్దీ చీరలతో ఆగేది కాదనిపిస్తోంది.

షాపులో గద్దె మీద చీరలన్నీ పరిచాక చివరికి రెండు మిగులుతాయి కదా. ఒకటి గద్వాల, ఒకటి ఉప్పాడ అనుకోండి, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఇక అక్కడి నుంచి చూపు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, దీని అంచు, దాని కొంగు, మళ్లీ దీని రంగు, ఇలా తిరిగి తిరిగి ఒకచోట ఆగుతుంది, వెంటనే "ఇది ఇచ్చేయండి" అనేస్తాం. ఈ మధ్య మా అమ్మ, పిన్ని చీరలు చూస్తుంటే నేను చీరల్ని వదిలేసి వాళ్ల కళ్లనే చూస్తూ కూర్చున్నాను. వాళ్లు నోటితో చెప్పే ముందే ఏది తీసుకుంటారో నాకు తెలిసిపోతోంది.

మరి నచ్చింది కాబట్టి కళ్లు అక్కడ ఆగాయా, కళ్లు ఆగాయి కాబట్టి నచ్చిందా? రెండోది నిజమైతే షాపువాళ్లు ఏది ఎక్కువసేపు మన ముందు పెడితే అదే కొంటున్నామన్నమాట, అది ఆలోచిస్తేనే నాకు ఇబ్బందిగా ఉంది. మెదడు గురించి చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. దీన్ని నిజంగా ఎవరైనా కొలిచారా?

ల్యాబ్‌దీపం:

కొలిచారండీ, చాలా ఓపిగ్గా కొలిచారు. నా పరిశోధన కూడా ఈ చుట్టుపక్కలదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

2003లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో షిన్సుకే షిమోజో బృందం రెండేసి ముఖాల ఫొటోలు పక్కపక్కన చూపించి, ఏది ఎక్కువ ఆకర్షణీయంగా ఉందో చెప్పమంది. చెప్పేలోపు కళ్లు ఎటు తిరుగుతున్నాయో కెమెరాతో రికార్డు చేశారు. మొదట్లో చూపు రెండు ముఖాల మీదా దాదాపు సమానంగా ఉంది, నిర్ణయం దగ్గరపడేకొద్దీ ఎంచుకోబోయే ముఖం మీదికి ఒరిగిపోయింది. మీరు మీ అమ్మగారి కళ్లలో చూసింది సరిగ్గా ఇదే. తర్వాత వాళ్లు ఇంకో పని చేశారు, ఒక ముఖాన్ని ఎక్కువసేపు, ఇంకోదాన్ని తక్కువసేపు వచ్చేలా పెట్టి కళ్లు అటూ ఇటూ తిరిగేలా చేశారు. ఎక్కువసేపు చూపించిన ముఖాన్నే జనం కాస్త ఎక్కువగా ఎంచుకున్నారు. కళ్లు కదపకుండా మధ్యలోనే నిలిపి ఉంచినప్పుడు ఆ మొగ్గు కనిపించలేదు. అంటే మీ రెండు ప్రశ్నలకూ ఎంతో కొంత అవుననే జవాబు.

ఇది ఎలా జరుగుతుందో లెక్కగా చెప్పింది 2010లో క్రైబిచ్, ఆర్మెల్, రాంగెల్ 'నేచర్ న్యూరోసైన్స్'లో ప్రచురించిన పని. ఆకలితో ఉన్న 39 మందికి చిప్స్, చాక్లెట్ల లాంటి చిరుతిళ్లు చూపించారు. ముందు ఒక్కొక్కటీ విడిగా చూపించి ఎంత ఇష్టమో మార్కులు వేయమన్నారు, తర్వాత రెండేసి చూపించి ఒకటి ఎంచుకోమన్నారు. చివర్లో నిజంగానే తినాలి కాబట్టి ఊరికే ఏదో ఒకటి చెప్పే వీలు లేదు.

వాళ్లు చెప్పేది ఏమిటంటే, మెదడు రెండు వస్తువుల విలువల్నీ ఒక్కసారిగా పక్కపక్కన పెట్టి తేల్చదు. క్షణక్షణం కొంచెం కొంచెంగా, తడబడుతూ, ఆధారాలు పోగేసుకుంటూ పోతుంది. తక్కెడ ఒక పక్కకి తగినంత ఒరిగాక నిర్ణయం అయిపోతుంది. ఇంతవరకూ పాత సంగతే, 1978లో రాట్‌క్లిఫ్ జ్ఞాపకశక్తి ప్రయోగాల కోసం రాసిన డ్రిఫ్ట్ డిఫ్యూజన్ మోడల్ ఇది. కొత్త సంగతి చూపు గురించి. కన్ను దేని మీద ఉందో దాని విలువ పూర్తిగా లెక్కలోకి వస్తుంది, ఆ క్షణంలో కన్ను లేనిదాని విలువ తగ్గి వస్తుంది. ఎంత తగ్గుతుంది? వాళ్ల లెక్కలో సుమారు 0.3 వంతుకి. మీకు గద్వాల 6 మార్కులు, ఉప్పాడ 6 మార్కులు అనుకోండి. గద్వాలను చూస్తున్నంతసేపూ మెదడులో పోటీ 6కీ 6కీ మధ్య జరగదు, 6కీ 1.8కీ మధ్య జరుగుతుంది. ఉప్పాడ వైపు తిరగ్గానే తారుమారు. కాబట్టి రెండూ సమానంగా నచ్చినప్పుడు ఎక్కువసేపు చూసినది గెలుస్తుంది, ఆఖరున కన్ను ఉన్నది గెలిచే అవకాశం మరీ ఎక్కువ.

మెదడులో దీని జాడ కూడా దొరికింది. నుదురు వెనక, కళ్లకు కాస్త పైన ఉండే వెంట్రోమీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం వస్తువుల విలువను బట్టి స్పందిస్తుందని ముందే తెలుసు. 2011లో లిమ్, ఓడోహర్టీ, రాంగెల్ స్కానర్‌లో చూస్తే అక్కడి సంకేతం 'చూస్తున్నదాని విలువలోంచి చూడనిదాని విలువ తీసేస్తే వచ్చేది' అన్నట్టు నడుస్తోంది. చూపు మారితే సంకేతం కూడా తిరగబడుతోంది. 2016లో మెగింటీ, రాంగెల్, న్యూసమ్ కోతుల్లో దానికి దగ్గర్లోని ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌లో విడివిడి న్యూరాన్ల (నాడీకణాల) సంకేతాలను రికార్డు చేశారు. పళ్లరసం వస్తుందని సూచించే గుర్తు ఎంత విలువైనదో ఆ న్యూరాన్లు చెబుతాయి, కోతి చూపు ఆ గుర్తుకి దగ్గరగా ఉన్నప్పుడు గట్టిగా చెబుతాయి, దూరమైతే మెల్లగా.

నాకు ఇందులో చాలా ముఖ్యమనిపించేది, ఎవరూ పెద్దగా చెప్పనిది ఒకటుంది. ఈ లెక్క ప్రకారం చూపు విలువకి ఏదో కొంత కలపదు, ఉన్న విలువనే హెచ్చిస్తుంది. నచ్చినదాన్ని చూస్తే ఇంకా నచ్చుతుంది, నచ్చనిదాన్ని చూస్తే ఇంకా నచ్చకుండా పోతుంది. 2008లో ఆర్మెల్ బృందం ఒక వస్తువును 300 మిల్లీసెకన్లు, ఇంకోదాన్ని 900 మిల్లీసెకన్లు చూపిస్తూ పోయింది. తినాలనిపించేవాటిలో ఎక్కువసేపు కనిపించినది ఎక్కువగా ఎంపికైంది, తినబుద్ధికానివాటిలో ఎక్కువసేపు కనిపించినది తక్కువగా ఎంపికైంది. కాబట్టి మీరు భయపడుతున్నట్టు ఏది పెడితే అది కొనిపించడం ఎవరివల్లా కాదు.

గద్దెమీదమనిషి:

మేడమ్, నేను చీరల షాపులో సేల్స్‌మన్‌ని. ధర్మవరంలో నేర్చుకున్నాను, ఇప్పుడు విజయవాడ వన్‌టౌన్‌లో చేస్తున్నాను. పైన సార్ రాసిన పుస్తకాల సంగతి నాకు తెలియదు, ఆ చివరి పేరా మాత్రం మా పనిలో రోజూ జరిగేదే.

కొత్తగా చేరిన కుర్రాళ్లు చేసే పని ఏమిటంటే, కస్టమర్ వద్దన్న చీరనే మళ్లీ మళ్లీ విప్పి చూపిస్తారు, "ఒకసారి కొంగు చూడండమ్మా, జరీ చూడండమ్మా" అని. ప్రతిసారీ ఆమెకి అందులో ఇంకో లోపం కనిపిస్తుంది. మొదట రంగు బాలేదంటుంది, తర్వాత అంచు మరీ పెద్దదంటుంది, ఆ తర్వాత ఆ చీరే కాదు మన షాపే నచ్చకుండా పోతుంది. మా పెద్దాయన మొదట నేర్పింది, ముఖం చిట్లించిన చీరని వెంటనే మడత వేసి కళ్ల ముందు నుంచి తీసెయ్యమని. నచ్చినట్టు అనిపిస్తే మాత్రం మడవకూడదు, పక్కన పెట్టామంటూనే కొంగు కనిపించేలా ఉంచాలి. ఆమె వేరేవి చూస్తున్నా నడుమనడుమ కన్ను దాని మీద పడుతూ ఉంటుంది. అద్దం ముందు భుజం మీద వేసేది కూడా అందుకే, ఆ కాసేపు ఇంకేదీ కనపడదు.

ఇంకో మాట కూడా నిజంగా చెప్పాలి. ఇది పనిచేసేది రెండు మూడు చీరల మధ్య ఎటూ తేలనివాళ్ల దగ్గరే. మెరూన్‌లో కంచి పట్టు కావాలని మనసులో అనుకుని వచ్చినామె ముందు ఎన్ని ఉప్పాడలు పరిచినా మెరూన్ కంచి పట్టే తీసుకుని వెళ్తుంది. మీ చెల్లిగారి పెళ్లి బాగా జరగాలి.

ఎదురుప్రశ్న:

ఇలాంటి పరిశోధనల గురించి చదివినప్పుడల్లా నాకు వచ్చే అభ్యంతరం చెబుతాను, తప్పుగా అనుకోకండి. ల్యాబులో చిప్స్ ప్యాకెట్ల మీద తేలినదాన్ని పట్టుకుని పెళ్లి చీర దాకా, అక్కడి నుంచి ఇల్లు, ఉద్యోగం, సంబంధాల దాకా లాక్కుపోతారు. ఎంతవరకు లాగొచ్చో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఉదాహరణకి స్వీడన్‌లో పార్నమెట్స్, సహచరులు 2015లో ఒక ప్రయోగం చేశారు. "హత్య ఎప్పుడైనా సమర్థనీయమా" లాంటి నైతిక ప్రశ్నకి రెండు జవాబులు తెరమీద పెట్టి, ముందే యాదృచ్ఛికంగా అనుకున్న జవాబు మీద కన్ను తగినంతసేపు నిలిచిన క్షణంలో "ఇప్పుడు చెప్పండి" అన్నారు. 58 శాతం సార్లు ఆ జవాబే వచ్చింది, సగానికి కాస్త పైన. పత్రికలు దీన్ని 'మీ నీతిని మీ కళ్లే నడిపిస్తాయి' అన్న ధోరణిలో మోసుకుపోయాయి. 2018లో న్యూవెల్, లె పెల్లీ ఆస్ట్రేలియాలో అదే పద్ధతిలో చేసి చూస్తే చూపుకి సంబంధించిన తీర్పుల్లో మొగ్గు వచ్చింది గానీ నైతిక ప్రశ్నల్లో రాలేదు. పైగా ఒక తర్కం ఉంది, జవాబు వైపు మనసు మొగ్గాక కళ్లు అటు వెళ్తున్నాయేమో, సరిగ్గా అప్పుడే అడిగితే ఆ జవాబే వస్తుంది కదా! అందులో కళ్లు చేసిందేముంది?

ఇంకా, అసలు ఆ 6 మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయి? మా ఇంట్లో చీరకి మార్కులు పడేది షాపులోకి అడుగుపెట్టక ముందే. బడ్జెట్, అత్తగారు ఏమంటారు, పోయినసారి పెళ్లిలో వదిన ఏ రంగు కట్టింది, ఇవన్నీ ఎక్కడో లెక్క కట్టి ఉంటాయి. కళ్లు ఆఖరి రెండు మూడు సెకన్లలో ఏం చేస్తాయన్నది నాకు చిన్న విషయం.

ల్యాబ్‌దీపం:

నైతిక ప్రశ్నల విషయంలో మీరు చెప్పింది సరైనదే, నేను కూడా అక్కడికి లాగను. పదాలు చదివి అర్థం చేసుకున్నాక తెరమీది అక్షరాలను మళ్లీ చూడాల్సిన పనే లేదు, ఆలోచన ఎక్కడుందో కళ్లు చెప్పవు. తిండి, బట్టల దగ్గర అలా కాదు, ఆ వస్తువును చూడటమే సమాచారం.

ఏది ముందు అన్న తర్కానికి మాత్రం ఒప్పుకోను. అందుకే కదా చూపించే సమయాన్ని ప్రయోగం చేసేవాళ్లే చేతిలోకి తీసుకున్నది. 300, 900 అని వాళ్లు నిర్ణయించినప్పుడు మనసు మొగ్గి కళ్లు వెళ్లాయనడానికి వీల్లేదు. అయినా తేడా వచ్చింది, చిన్న తేడా, ఎంపికల్లో 6 నుంచి 11 శాతం దాకా. అలాగని విలువ కళ్లని లాగదని కూడా కాదు, సెబాస్టియన్ గ్లూట్ బృందం ఆ దిశగా మంచి పని చేసింది, మూడు వస్తువులున్నప్పుడు విలువైనది చూపుని తనవైపు లాక్కుంటుందని. రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

ఆఖరి సెకన్లు చిన్న విషయమన్నారు. ఒక చీరకైతే చిన్నదే. రోజుకి ఎన్నిసార్లు ఫోన్‌లో ఏదో ఒకటి ఎంచుకుంటున్నామో, ప్రతిదాంట్లో ముందు ఏది పెద్ద ఫొటోతో పైన కనిపించాలో ఇంకెవరో నిర్ణయిస్తున్నారు. ఒక్కోసారి వచ్చే మొగ్గు ఎంత చిన్నదైనా, అది ఎప్పుడూ ఒకే వైపు ఉంటే మొత్తం మీద చిన్నది కాదు. మన దేశంలో 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లని తప్పుదారి పట్టించే ఎత్తులు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 13 రకాలు పేర్కొంది. "ఇంకా రెండే మిగిలాయి" అంటూ లేని తొందర పెట్టడం, అడగకుండా బుట్టలో ఇంకోటి కలపడం, కంపెనీకి కావలసిన బటన్ కొట్టొచ్చినట్టు పెట్టి మనకి కావలసినది మసకగా దాచడం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ చివరిది పూర్తిగా చూపుకి సంబంధించినదే.

చోడిజావ:

నాది చీరల గోల కాదు, తిండి గోల. మా నాన్నగారికి షుగర్. మనిషి చాలా తెలివైనవారు, ఏది తినకూడదో మనకంటే బాగా చెబుతారు, కానీ ఫంక్షన్‌లో బొబ్బట్లు కనిపిస్తే చేయి అటే వెళ్తుంది. తర్వాత ఆయనే బాధపడతారు. మేము "మీకు కంట్రోల్ లేదు నాన్నా" అంటూ ఉంటాం, అలా అనడం ఆయనకి ఎంత చిన్నతనంగా ఉంటుందో తెలిసీ. మీరు చెప్పేదాంట్లో దీనికి ఏమైనా పనికొచ్చేది ఉందా? నిజంగా అడుగుతున్నాను.

ల్యాబ్‌దీపం:

ఉందండీ, నన్ను అడిగితే ఈ మొత్తం పరిశోధనలో మనుషులకి ఎక్కువ మేలు చేసేది ఇదే.

2015లో సల్లివన్, హచర్‌సన్, హారిస్, రాంగెల్ ఒక పని చేశారు. తెరమీద రెండు తినుబండారాలు పెట్టి, మౌస్‌ని ఒకదాని వైపు జరిపి ఎంచుకోమన్నారు, ఆ మౌస్ దారి ఏ క్షణంలో ఎటు వంగుతోందో చూశారు. రుచి ఆ దారిని వంచడం మొదలుపెట్టిన తర్వాత, సగటున 195 మిల్లీసెకన్లు ఆలస్యంగా గానీ ఆరోగ్యం వంచడం మొదలుపెట్టలేదు. సెకనులో అయిదో వంతు అనుకోండి. నిర్ణయం మొత్తానికి పట్టేదే సెకనో రెండు సెకన్లో అయినప్పుడు రుచికి అంత ముందు పరుగు దొరికితే ఆరోగ్యం అందుకోవడం కష్టం. ఆరోగ్యం త్వరగా లెక్కలోకి వచ్చినవాళ్లు నోరు కట్టుకోగలిగారు. అంటే మీ నాన్నగారికి తెలియకా కాదు, పట్టుదల లేకా కాదు, తెలిసినది సమయానికి అందడం లేదు.

దానికి ముందు 2011లో హేర్, మాల్‌మాడ్, రాంగెల్ మామూలు మనుషులకి ఎంచుకునే ముందు "ఇది ఆరోగ్యానికి ఎలాంటిదో ఆలోచించండి" అని చిన్న సూచన ఇచ్చారు, అంతే. ఏదీ వద్దనలేదు. ఎంపికలు ఆరోగ్యకరమైనవాటి వైపు జరిగాయి, వెంట్రోమీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ సంకేతంలో కూడా ఆరోగ్యం వాటా పెరిగింది.

ఇంట్లో దీన్ని ఎలా వాడాలంటే, బొబ్బట్టు విస్తట్లో పడ్డాక "వద్దు" అనడం ఆలస్యం, అప్పటికి రుచి గెలిచేసింది. బంతిలో కూర్చునే ముందే "నాన్నా, పొద్దున షుగర్ ఎంత వచ్చింది?" అని మామూలుగా అడగండి, మందలింపులా వద్దు. ఆ ధ్యాస విస్తరి ముందుకి వచ్చేసరికే తలలో ఉంటుంది. కూర్చునే చోటు కూడా చూసుకోండి, స్వీట్ల కౌంటర్ ఎదురుగా కాకుండా. ఇంట్లో స్వీట్ గాజు సీసాలో డైనింగ్ టేబుల్ మీద ఉంటే ముందు దాన్ని అక్కడి నుంచి తీసి స్టీలు డబ్బాలో పెట్టండి. మందులు, పరీక్షల సంగతి డాక్టర్‌గారు చెప్పినట్టే, దానికి ఇది బదులు కాదు.

చోడిజావ:

"తెలిసినది సమయానికి అందడం లేదు" అన్నది ఆయనకి చదివి వినిపిస్తాను. మేము కంట్రోల్ మాట మానేస్తాం. టేబుల్ మీద సీసా మా దగ్గర నిజంగానే ఉంది, మనవల కోసమని పెట్టింది.

వేసవిమల్లె:

అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకో చిన్న ప్రశ్న, ల్యాబ్‌దీపం గారూ. మేము ఇంకా ముహూర్తం చీర కొనాలి. షాపులో పిల్లల ఏడుపులు, ఫోన్లు, పక్కనామె చేతిలో చీర మీద కన్ను, వీటన్నిటి మధ్య నిర్ణయం సరిగ్గా తీసుకోవడానికి ఏం చేయొచ్చు? రెండు చీరల మధ్య గంటలు గంటలు కూర్చోవడం మంచిదేనా?

ల్యాబ్‌దీపం:

గోలలో అయితే కాదు. 2012లో మిలోసావ్‌లెవిచ్ బృందం చిరుతిళ్ల మీదే చూపించింది, చూడటానికి తక్కువ సమయం ఇచ్చి, మనసులో ఇంకో పని పెడితే, తమకి ఎక్కువ ఇష్టమైనదాన్ని వదిలేసి మెరుస్తూ కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని ఎంచుకోవడం పెరుగుతుందని. జరీ మెరుపు, ఆ ఫోకస్ లైట్లు అప్పుడు మీ తరఫున నిర్ణయించేస్తాయి.

గంటలు కూర్చోవడం గురించి: ఊడ్ బృందం 2016లో చూపించింది, మనుషులు తేడా దాదాపు లేని ఎంపికల మీదే అవసరానికి మించి సమయం పోస్తారని, అక్కడ సమయానికి హద్దు పెడితే మొత్తం మీద లాభమే వచ్చిందని. రెండూ అంత సమానంగా ఉన్నాయంటే ఏది తీసుకున్నా పోయేది పెద్దగా లేదు. రెండింటినీ ఒకేసారి విప్పించి, పక్కపక్కన ఒకే వెలుతురులో పెట్టించండి, రెండూ ఒక్కోసారి భుజం మీద వేసుకోండి, ఒకటే వేసుకుని ఆగిపోవద్దు. పది నిమిషాలు హద్దు పెట్టుకోండి.

గద్దెమీదమనిషి:

సార్ చెప్పినట్టు రెండూ కలిపి చూపించమంటే ఏ షాపులోనూ కాదనరు మేడమ్, మొహమాటపడకండి. గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూపించమని కూడా అడగండి, మా లైట్ల కింద మెరూన్, రాణీ రంగు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి, బయట తేడా తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం, ఆషాఢం సేల్ రోజుల్లో వద్దు, మాకే ఎవరితో మాట్లాడుతున్నామో తెలియదు. మామూలు రోజు పదిన్నర, పదకొండుకి రండి. బోణీ బేరం కాబట్టి ధర దగ్గర కూడా కాస్త చూస్తారు.